తుర్రు మెడలో గుదికర్ర

అనగనగా, కొండలు కూడా గొర్రెల్లాగే ఒకదాన్నొకటి ఆనుకొని పడుకునే ఒక మెట్ట దేశం. ఆ రోజుల్లో మేకలు మాట్లాడేవి. మనుషులకే వినే తీరిక ఉండేది కాదు.

ఆ దేశంలో రాళ్ళగుట్ట అనే కురుమల పల్లె. ఆ పల్లెలో గట్టయ్య అనే గొర్రెల కాపరి. పేరుకు తగ్గట్టే గట్టి మనిషి. మాట గట్టిది, పట్టు గట్టిది, చేతిలో తుమ్మకర్ర ఇంకా గట్టిది. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత అతని నోట ఎప్పుడూ ఆడుతూ ఉండేది. సామెత మంచిదే పిల్లలూ. కాని మొక్కను వంచమన్నారు గాని విరవమనలేదు కదా! ఆ ముక్క గట్టయ్యకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాదు.

ఆ ఏడు గట్టయ్య ఇంట దీపం ఆరింది. భార్య సాయవ్వ జ్వరమొచ్చి కన్నుమూసింది. ఆమె కప్పుకొనే గొంగడి మూలన మడత పెట్టినది పెట్టినట్టే ఉండిపోయింది. ఆ దిగులు తీరకముందే, ఏళ్ళ తరబడి మందను కంటికి రెప్పలా కాచిన కుక్క నల్లోడు ఒక పొద్దున లేవలేదు. ముసలిదైపోయింది పాపం. గట్టయ్య గుంత తవ్వి పూడ్చాడు. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి ఇంట్లో ఎవరున్నారు గనక?

ఇక మిగిలింది మంద. మందకు ముందు నడిచే ముసలి మేక ఒకటి ఉంది, దాని గడ్డం చూసి అందరూ గడ్డమవ్వ అనేవారు. తల్లి చచ్చిపోతే గట్టయ్య గుడ్డ తడిపి పాలు పట్టి బతికించిన గొర్రెపిల్ల ఒకటి. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి దాని పేరు చుక్క. ఆ పైన నల్లోడికి పుట్టిన చిట్టచివరి కూన.

ఆ కూన పేరు తుర్రు. నిలబడమంటే తుర్రు, రమ్మంటే తుర్రు, పొమ్మంటే మాత్రం కాళ్ళ సందునే ఉండేది. గట్టయ్య కిర్రుచెప్పుల వార్లు కొరికేది. జొన్న గటక కుండలో మూతి పెట్టి, తల ఇరుక్కుంటే ఆ కుండతోనే వాకిలంతా తిరిగేది. మంద నడుమకు దూసుకుపోయి గొర్రెలను తలోదిక్కు చేసేది. చుక్క చెవి పట్టి లాగేది. చుక్క ఊరుకుంటుందా? డొక్కలో ఒక్క ఢీ ఢీకొట్టేది. ఇక రెండూ కలిసి దుమ్ములో దొర్లేవి. చూసేవాళ్ళకు అది నవ్వు, గట్టయ్యకు గుండెదడ.

ఎందుకు దడ అంటారా? వినండి.

చలి తిరిగేసరికి రాళ్ళగుట్ట మీద గడ్డి మాడిపోతుంది. అప్పుడు పల్లెలోని మందలన్నీ కలిసి ఏరు దాటి పల్లపు పొలాలకు వలసపోతాయి. దారి పొడుగునా తోడేళ్ళు. అందుకని పెద్దలు ఒక కట్టు పెట్టారు. ముందు మంద, నడుమ మనిషి, వెనుక కుక్క. గుట్ట దిగే ఇరుకు కనుమ దగ్గర మందపెద్ద కనకయ్య బండమీద నిలబడి ఒక్కొక్క మందనూ చూస్తాడు. ఏ మంద వెనుక కుక్క బుద్ధిగా నడవదో ఆ మంద వెనక్కి పోవలసిందే. కాపు లేని మంద వెంట తోడేళ్ళు పడతాయి, ఒక్కరివల్ల అందరికీ చేటు అని పెద్దల ఆలోచన.

మరి వెనక్కి పోయిన మంద గతి? కిందటేడు ఒక మంద అలాగే గుట్టమీద మిగిలిపోయింది. వలస వెళ్ళినవాళ్ళు తిరిగివచ్చేసరికి మెడగంటలు మాత్రమే దొరికాయి.

గట్టయ్యకు మంద తప్ప లోకంలో మరేమీ లేదు. ఆ మందకు తుర్రు తప్ప మరో కుక్క లేదు. పల్లెలో ఎవరి కుక్క వాళ్ళకే చాలదాయె, అరువు ఎవరిస్తారు?

"దీనికి కుదురు నేర్పాలె," అనుకున్నాడు గట్టయ్య.

మొదట తాడు పట్టుకొచ్చాడు. తుర్రును దొడ్డి గుంజకు కట్టేశాడు. పొద్దస్తమానం కట్టిపడేస్తే పొగరు అణుగుతుందని అతని ఎత్తు. తుర్రు గుంజ చుట్టూ తిరిగింది, మొరిగింది, ఏడ్చింది, నేల గీరింది. సాయంత్రం ముడి విప్పాడో లేదో, పొద్దుటినుంచి దాచిపెట్టుకున్న పరుగులన్నీ ఒక్కసారే పరుగెత్తింది. పల్లెను చుట్టి, చుట్టి, చివరకు కనకయ్య వాకిట్లో ఆరేసిన ఉన్ని కుప్పమీద పడి దొర్లింది. ఉన్ని అంతా గాలికి లేచింది.

"ఏందిర గట్టయ్యా! గిది కుక్కనా, సుడిగాలా?" అన్నాడు కనకయ్య గడ్డంలోంచి ఉన్ని ఏరుకుంటూ.

గట్టయ్య తలవంచుకొని తుర్రును ఈడ్చుకొచ్చాడు. దొడ్డి గోడమీద ముందుకాళ్ళు పెట్టి ఇదంతా చూస్తున్న గడ్డమవ్వ నోరు విప్పింది. "కొడుకా, పసిదానికి ఆడుకునే పొద్దు ఇయ్యకపోతే, అది నీ పనిపొద్దు గుంజుకుంటది."

"నువ్వు నీ ఆకు నమలవ్వా," అన్నాడు గట్టయ్య.

రెండోసారి గటక మానిపించాడు. కడుపు మాడితే కాళ్ళు వాటంతటవే నిలుస్తాయనుకున్నాడు. ఆకలేస్తే కాళ్ళు నిలుస్తాయా? తిండి ఉన్నచోటికి నడుస్తాయి. తుర్రు చుక్క దగ్గరికి నడిచింది. చుక్క నోట్లోని పాలగుడ్డ లాక్కొని చప్పరించింది. గట్టయ్య అది చూశాడు. తుమ్మకర్ర పట్టిన చెయ్యి పైకి లేచింది. అంతవరకు ఆ ఇంట్లో కుక్కమీద కర్ర లేవలేదు. తుర్రు ఆ లేచిన చేతిని వింతగా చూసింది, అదేదో కొత్త ఆట అనుకుంది కాబోలు, తోక కూడా ఊపింది. దెబ్బ వీపున పడ్డాక గాని అది ఆట కాదని దానికి తెలియలేదు.

"సాయవ్వ ఉంటే..." అనబోయింది గడ్డమవ్వ.

"ఆమె పేరు తియ్యకు!" అని అరిచాడు గట్టయ్య. 

దెబ్బలు పడుతున్న కొద్దీ తుర్రు బెదిరింది, బెదిరిన కొద్దీ మరింత పరుగెత్తింది. కట్టెలమీంచి దూకింది, కుండలు పగలగొట్టింది, రాత్రిళ్ళు నిద్రలో కూడా కాళ్ళు కొట్టుకునేది. వలస దగ్గరపడింది. గుట్టమీద గడ్డి పలచబడింది. గట్టయ్యకు ముద్ద దిగడం మానేసింది.

అప్పుడు అతనికి గుదికర్ర గుర్తుకొచ్చింది. కంచెలు దాటి పరాయి చేలల్లో పడే దొంగగొడ్ల మెడకు ఒక దుంగ కడతారు, చూశారా? అదే. గొడ్డు నడిస్తే అది ముందుకాళ్ళకు తగులుతుంది. పరుగెత్తితే మోకాళ్ళు పగలగొడుతుంది. గట్టయ్య తుమ్మకొమ్మ నరికి, తుర్రుకు సరిపడా చిన్నది చెక్కాడు. ఎంత శ్రద్ధగా చెక్కాడంటే, చూసేవాళ్ళు ఊయల కోసమేమో అనుకున్నారు.

కుక్కపిల్లకు గుదికర్ర కట్టినవాడు ఆ దేశంలో అంతకుముందు లేడు.

కట్టినరోజు తుర్రు పరుగెత్తబోయి బోర్లా పడింది. లేచి మళ్ళీ పరుగెత్తింది, మళ్ళీ పడింది. ముందుకాళ్ళు నెత్తురయ్యాయి. మర్నాడు కాస్త మెల్లగా కదిలింది. ఆ తర్వాత నడక నేర్చింది, తల దించుకొని, దుంగ ఊగకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ. చెప్పుల వార్లు దాని ముక్కు ముందే పడి ఉన్నా కొరకలేదు. చుక్క వచ్చి డొక్కలో ఢీకొట్టింది. తుర్రు లేవలేదు. చుక్క వెనక్కి వెళ్ళి, మళ్ళీ పరుగున వచ్చి ఢీకొట్టింది. తుర్రు కళ్ళు మూసుకుంది.

"అబ్బ! బుద్ధొచ్చింది," అన్నారు పల్లెవాళ్ళు.

"బుద్ధి కాదురా అది," అంది గడ్డమవ్వ. ఎవరూ వినలేదు.

వలసపొద్దు రానే వచ్చింది. కనుమ దగ్గర కనకయ్య బండెక్కి నిలబడ్డాడు. ఒక్కొక్క మందా దాటిపోతున్నది. గట్టయ్య వంతు వచ్చింది. సాయవ్వ గొంగడిని ఇంట్లో వదలబుద్ధి కాక భుజాన వేసుకున్నాడు. చేతిలో కర్ర పట్టుకున్నాడు.

"మెడల కర్ర ఇప్పు. సూద్దాం," అన్నాడు కనకయ్య.

గట్టయ్య గుదికర్ర విప్పాడు. తుర్రు కదిలింది. తల దించుకొని, అడుగులో అడుగు వేసుకుంటూ, మెడలో లేని కర్ర ఇంకా ఉన్నట్టే నడిచింది. ముందు మంద, నడుమ గట్టయ్య, అందరికన్నా వెనుక తుర్రు.

"సెబాష్!" అన్నాడు కనకయ్య. "ఇంత పసికూన ఆఖర్న నడుసుడు నేను సూడలే. నల్లోడి బిడ్డ అనిపించుకున్నది."

అందరూ మెచ్చుకున్నారు. బరువుకు వెనుకబడ్డ నడకను కాపలా నడక అనుకున్నారు. గొర్రెలను చూసి చూసి కళ్ళు పండినవాళ్ళే, ఆ కుక్క కళ్ళలోకి ఒక్కరు కూడా చూడలేదు. గట్టయ్య నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఎందుకో తెలియలేదు కూడా.

ఏటిగట్టు చేరేసరికి ఎగువన అకాలవాన కురిసింది. ఏరు ఎర్రగా పొంగి పారుతున్నది. నీళ్ళు దిగేదాకా మందలన్నీ గట్టునే ఆగాయి. మునిమాపు వేళ గట్టయ్య పొయ్యికి పుల్లలు ఏరుకుంటున్నాడు. తుర్రు మంద అంచున ముడుచుకొని పడుకొని ఉంది. చుక్క ఎప్పటిలాగే దాని దగ్గరికి పోయి డొక్కలో ఢీకొడుతున్నది. పాపం, దానికి ఆశ చావలేదు.

తుప్పల్లోంచి తోడేలు వచ్చింది.

తుర్రు దాన్ని చూసింది. చెవులు నిక్కాయి. తల లేచింది. లేచిన తల గట్టయ్య వైపు తిరిగింది, అతని చేతిలోని పుల్లల వైపు ఒక్కసారి చూసింది, మళ్ళీ నేలకు వాలిపోయింది. కదిలితే దెబ్బ. పరుగెత్తితే మోకాళ్ళు పగులుతాయి. అది నేర్చిన చదువంతా అదే కదా.

గట్టయ్య కేకవేసి పరుగెత్తేలోపు తోడేలు చుక్కను నోట కరచుకొని తుప్పల్లో కలిసిపోయింది. గట్టయ్య ముళ్ళలో పడి లేచి, పడి లేచి వెతికాడు. పాలు పట్టిన గుడ్డ ఇంకా అతని నడుముకే ఉంది. తాగే నోరు లేదు.

తెల్లవారాక కనకయ్య వచ్చాడు. కోపంగా రాలేదు, అందుకే గట్టయ్యకు ఎక్కువ భయమేసింది.

"గట్టయ్యా, తప్పు నాది గూడ. కనుమ కాడ నేను మోసపోయిన. కని ఇది కుక్క కాదు, కుక్క తోలు కప్పుకున్న బండ. నీళ్ళు దిగేదాక గడువు. ఏరు దాటేనాడు నీ మంద అందరికన్నా ఆఖర్న దిగాలె. ఈ కూన మందను కాసిందా, మా ఎంట రా. కాయలేదా, మావోళ్ళు ఆ గట్టున కాళ్ళకు సంకెళ్ళు ఏసినట్టు నిలబడ్తరు గని నీ కోసం ఎనకకు రారు. ఏం జెయ్యాలె? అందరికి పిల్లలున్నరు."

"పెద్దయ్యా, ఈడ మిగిలితే మంద దక్కదు," అన్నాడు గట్టయ్య.

"నాకు తెల్వదా?" అని కనకయ్య కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పక్క మందలోంచి ఎవడో నవ్వాడు. "కుక్కతోక పట్టుకొని గోదారి ఈదుతడంట మన గట్టయ్య!"

గట్టయ్యకు మాట తగలలేదు. తగలడానికి లోపల చోటెక్కడుంది? సాయవ్వ పోయింది, నల్లోడు పోయాడు, చుక్క పోయింది, రేపో మాపో మంద పోతుంది. అతను తుర్రును చంకలో ఎత్తుకొని, ఏరు సుడి తిరిగే చోటికి నడిచాడు. దీనితో పీడ విరగడైపోనీ అనుకున్నాడు. నీళ్ళమీదికి చేతులు చాచాడు. తుర్రు గింజుకోలేదు, అరవలేదు. కళ్ళు మాత్రం మూసుకుంది. దాని గుండె ఒక్కటే అతని అరచేతిలో గబగబా కొట్టుకుంటున్నది.

"పడెయ్యి," అంది వెనకనుంచి గడ్డమవ్వ. "ఆగినవెందుకు? అదేమన్న ఎదురు తిరుగుతున్నదా?"

గట్టయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. "అవ్వా, ఇది కదలదు. కళ్ళముందల తోడేలు వస్తే సుత కదలలేదు."

"కదలద్దని నేర్పింది నువ్వే గద కొడుకా. నువ్వు జెప్పిన చదువు దానికి మంచిగనే వచ్చింది."

గట్టయ్య అక్కడే కూలబడ్డాడు. తుర్రు అతని ఒళ్ళో నుంచి జారి, పడినచోటే పడి ఉంది.

"మరి నల్లోడు?" అన్నాడు. "నల్లోణ్ణి తయారు జేసింది నేనే గదవ్వా! వాడెట్ల నేర్చిండు?"

గడ్డమవ్వ నవ్వింది. మేక నవ్వితే గడ్డం ఊగుతుంది. "నువ్వా? పగటిపూట తిని నువ్వు కునుకు తీస్తుంటివి. మంద కాడ సాయవ్వ ఏం జేస్తుండెనో ఎన్నడన్న సూసినవా?"

చూశాడు. ఒకటి రెండుసార్లు. సాయవ్వ పాత గొంగడి పీలికను ముడివేసి, నల్లోడి నోటికి అందించి గుంజులాట ఆడుతూ, పసిపిల్లలా పడి పడి నవ్వేది. "పనిలేని ఆటలు! కుక్కను చెడగొడుతున్నవ్," అని గట్టయ్య కసిరేవాడు. ఆమె నవ్వుతూనే ఉండేది.

"ఉత్తగనే ఆడింది అనుకున్నవ్," అంది గడ్డమవ్వ. "ఎట్ల ఆడిందో ఇను. 'ఇడువు' అన్నప్పుడు ముడి ఇడిస్తేనే ఆట మళ్ళ మొదలయ్యేది. పన్ను చేతికి తగిలితే 'అబ్బా' అని మొఖం తిప్పుకొని కూసుండేది, ఆట బందు. మంద ఎనక దాగేది. నల్లోడు గొర్ల నడుమకెల్లి దూరి వస్తే దొరికేది కాదు, సుట్టు తిరిగి వస్తే దొరికేది. అట్లనే వానికి మందను సుట్టి వచ్చుడు అలవాటైంది. ఆఖరుకు 'పండు' అని పక్కన కూసుండి ఈపు నిమిరేది. వాడు నిద్రపోతుండె. నువ్వు లేచి సూసి, నా గద్దింపుకు భయపడి పండుకున్నడు అనుకునేటోనివి."

గట్టయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. బతికుండగా ఆమెను ఒక్కసారైనా మెచ్చుకోలేదే అని అప్పుడు ఏడ్చాడు. సాయవ్వకు ఏడ్చాడు, నల్లోడికి ఏడ్చాడు, చుక్కకు ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? లాభం లేదు. అయినా కాలిన చేతులతోనే పొయ్యి రాజేసుకోవాలి కదా, ఆకలి ఆగదు.

ఆ రోజే మొదలుపెట్టాడు. తలగుడ్డ ముడివేసి తుర్రు ముందు ఆడించాడు. తుర్రు ఆడే గుడ్డను చూడలేదు, ఆడించే చేతినే చూసింది, చూసి నేలకు అణిగిపోయింది.

మర్నాడు తన కిర్రుచెప్పు విప్పి ముందు పెట్టాడు. ఒకప్పుడు ప్రాణంగా కొరికిన వార్లు! తానే ఒక వారును పళ్ళతో పట్టి, నాలుగు కాళ్ళమీద వంగి, గుర్రుమన్నాడు. అంత గట్టి మనిషి కుక్కలా గుర్రుమంటుంటే మందలవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తుర్రు చెప్పు నుంచి ముఖం తిప్పుకుంది. నీళ్ళు అప్పటికే దిగుతున్నాయి. గట్టున తడి గుర్తులు ఒకదాని కింద ఒకటి బయటపడుతున్నాయి.

మూడోరోజు ఇంకేమీ మిగలలేదు. భుజాన సాయవ్వ గొంగడి ఉంది. ఆమె వాసన ఇంకా అందులోనే ఉంది. దాన్ని చింపితే ఇక ఆమె గుర్తు ఏమీ ఉండదు. గట్టయ్య చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆపైన అంచు పట్టుకొని సర్రున చింపాడు. ముడివేశాడు. చేతితో ఆడించలేదు. నేలమీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని, పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"నీ ఇష్టం బిడ్డా," అన్నాడు. "నాకు అడిగే మొఖం లేదు."

చాలాసేపటికి వెనుక ఏదో కదిలింది. తుర్రు ముడిని వాసన చూసింది. చివర పంటితో పట్టింది. కొంచెం లాగింది. గట్టయ్య రెండో కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. తుర్రు ఇంకొంచెం లాగింది. అతను ఓడిపోయినట్టు వదిలేశాడు. తుర్రు ముడితో రెండడుగులు పరుగెత్తి, మోకాళ్ళు చూసుకుంది. ఏమీ తగలలేదు. మెడ విదిలించి చూసింది. ఏమీ లేదు. వెనక్కి వచ్చి ముడిని అతని పాదాల దగ్గర పడేసింది.

ఇక ఆట సాగింది. కొరికితే "అబ్బా", ఆట బందు. విడిస్తే మళ్ళీ ఆట. గట్టయ్య మంద వెనుక దాగి, "తుర్రూ, నేనేడున్న?" అని పిలిచేవాడు. తుర్రు మంద నడుమ దూరితే చిక్కేవాడు కాదు. చుట్టి వస్తే చేతులు చాచి నేలమీద పడుకొని, మీద దూకించుకునేవాడు. రోజు చివర "పండు" అనేవాడు. అలసిన కూన అతని తొడమీద తల పెట్టి పడుకునేది. ఒక్కోసారి ఆట నడుమ తుర్రు ఆగిపోయి, చుక్క పడుకునే చోటికి వెళ్ళి నిలబడేది. అప్పుడు గట్టయ్యకూ ఆట సాగేది కాదు.

కొన్నాళ్ళకు నీళ్ళు పూర్తిగా దిగాయి. ఒక్కొక్క మందా ఏరు దాటింది. గట్టయ్య మంద ఆఖరున మిగిలింది. ఆఖరి మంద కోసం కాచుకొని ఉన్నాయి కాబోలు, తుప్పల్లోంచి తోడేళ్ళు వచ్చాయి. ఒకటి కాదు, మూడు.

గొర్రెలు నీటిని చూసి బెదిరాయి, తోడేళ్ళను చూసి చెదిరాయి. "తుర్రూ!" అని కేక పెట్టాడు గట్టయ్య. తుర్రు లేచింది. మంద నడుమ దూరలేదు. చుట్టింది. ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు, నేలకు కడుపు ఆనేలా పరుగు తీసింది. చెదిరిన గొర్రెలు ముద్దగా కూడుకున్నాయి. గడ్డమవ్వ నీళ్ళలో దూకింది. దాని వెంట మంద దిగింది. మంద వెనుక గట్టయ్య దిగాడు. తుర్రు గట్టునే నిలబడి, తోడేళ్ళ వైపు తిరిగి పళ్ళు బయటపెట్టింది. ముందు మంద, నడుమ మనిషి, వెనుక కుక్క. ఈసారి అది నిజంగా కాపలా నడకే.

గొర్రెలు అవతలి గట్టు ఎక్కాయి. గట్టయ్య సగం ఏట్లో నడుములోతున నిలబడి వెనక్కి చూశాడు. తోడేళ్ళు దగ్గరపడుతున్నాయి. ఆత్రంలో కర్ర పట్టిన చెయ్యి పైకెత్తి ఊపాడు. "తుర్రూ! రా బిడ్డా, రా!"

తుర్రు తల తిప్పింది. లేచిన చేతిని చూసింది. లేచిన కర్రను చూసింది. ఆ క్షణాన దానికి ఏరు లేదు, తోడేళ్ళు లేవు. చెవులు వాల్చి, తోక ముడిచి, నేలకు అణిగిపోయింది.

గట్టయ్యకు అర్థమైంది. తోడేలు దాని మీదికి లంఘించబోతున్నది, తన చెయ్యే దాన్ని కట్టిపడేసింది. కర్రను ఏట్లోకి విసిరేశాడు. నీళ్ళలోకి గొంతుదాకా కూలబడి, ఒక బండ వెనుక దాక్కొని, ఏడుపు ఆపుకుంటూ ఆటగొంతుతో పిలిచాడు. "తుర్రూ... నేనేడున్న?"

చెవి ఒకటి లేచింది. రెండోదీ లేచింది. తుర్రు తుర్రుమంది. తోడేలు పన్ను దాని వెనకకాలిని అందుకోనే అందుకుంది, కండ ఊడినా కూన ఆగలేదు, నీళ్ళలో దూకి బండ చుట్టి వచ్చి గట్టయ్యమీద పడింది. ఆ విసురుకు గట్టయ్య కాళ్ళు జారాయి. ప్రవాహం ఇద్దరినీ లాగింది. నీళ్ళు మింగుతూ తడుముకున్న చేతికి అందింది తోక ఒక్కటే. కుక్కతోక పట్టుకొని గోదారి ఈదినవాడు లేడంటారు. ఏరు మాత్రం ఆ రోజు ఒకడు ఈదాడు. ఆ గట్టున నిలబడి చూసినవాళ్ళలో నవ్వినవాడు ఒక్కడూ లేడు.

కనకయ్య ఇద్దరినీ ఒడ్డుకు లాగాడు. తుర్రు కుంటుతూనే వెళ్ళి మందను ఒకసారి చుట్టి వచ్చింది. కనకయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. "నల్లోడి బిడ్డవే," అంటూ తల నిమరబోయాడు. అతని చెయ్యి లేవగానే తుర్రు నేలకు కరుచుకుపోయింది.

"చెయ్యి పైకెల్లి తేకు పెద్దయ్యా," అన్నాడు గట్టయ్య మెల్లగా. "కిందికెల్లి పెట్టు. దానికి... భయం."

ఆ తరువాత తుర్రు ఎన్నో వలసలు చూసింది. కుంటుతూనే ఏ తోడేలునూ మంద దరి చేరనివ్వలేదు. గట్టయ్య మళ్ళీ కర్ర పట్టలేదు, ప్రతి సాయంత్రం గొంగడి ముడితో ఆడడం మానలేదు. అయినా తుర్రు మెడచుట్టూ గుదికర్ర ఒరుసుకున్నచోట వెంట్రుక మొలవనేలేదు. ఎవరైనా ఎండకు కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నా సరే, అది చెవులు వాల్చి నేలకు అణిగేది. అలా అణిగినప్పుడల్లా గట్టయ్య కింద కూర్చొని, చేతులు వెనక్కి కట్టుకొని, అది దగ్గరికి వచ్చేదాకా కాచుకొనేవాడు. ఎప్పుడూ వచ్చేది. కాని ప్రతిసారీ కాచుకోవలసే వచ్చేది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఆటతో నేర్పిన బుద్ధి ఆపదలో పరుగెత్తుకొని వస్తుంది. దెబ్బతో నేర్పిన భయం, కొట్టిన చెయ్యి మారినా పోదు.